చేపల తొట్టికి ఏ ఫిల్టర్ కొనాలి, నీళ్లు ఎందుకు మసకబారతాయి

మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో వర్షాకాలం కాలవకి ఎర్రనీరు వచ్చేది. అమ్మమ్మ బిందె నింపి, చిల్లగింజ అరగదీసి ఆ నీళ్లలో కలిపేది. తెల్లారేసరికి మట్టి అడుగున పేరుకుని పైన నీళ్లు అద్దంలా ఉండేవి. అయినా కాచి చల్లార్చాకే మాకు ఇచ్చేది. నీళ్లు తేరుకోవడం వేరు, తాగడానికి పనికిరావడం వేరు అని ఆవిడకి బాగా తెలుసు.

అక్వేరియం పెట్టిన కొత్తలో నాకీ సంగతి గుర్తు రాలేదు. నిజాంపేటలో మా ఫ్లాట్, రెండడుగుల తొట్టి, నాలుగు గోల్డ్ ఫిష్‌లు. వారానికోసారి నీళ్లన్నీ పారబోసి, రాళ్లూ ఫిల్టరూ కుళాయి కింద కడిగి మళ్లీ నింపమని షాపతను చెప్పాడు. అలాగే చేశాను. నీళ్లు గాజులా మెరిసేవి. మూడో వారంలో చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి మింగడం మొదలుపెట్టాయి. రెండు చనిపోయాయి. మా అబ్బాయి ఆ రోజంతా అన్నం తినలేదు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా అన్నయ్యకి ఫోన్ చేసి, నీళ్లు చాలా శుభ్రంగా ఉన్నాయి, ఎందుకిలా అయిందో అర్థం కావట్లేదు అన్నాను. అన్నయ్య అడిగింది ఒక్కటే: "అమ్మోనియా చూశావా అమ్మా?"

అమ్మోనియా విషం, కానీ కంటికి కనిపించదు. చేప మొప్పల్లోంచే అది బయటికి వస్తుంటుంది. మిగిలిపోయిన మేత కుళ్లితే ఇంకా పెరుగుతుంది. దాన్ని తినే బ్యాక్టీరియా ఒక రకం ఉంది. అది అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, చేప రక్తం ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత ప్రమాదం కాదు, వారం వారం కొంత నీరు మారిస్తే సరిపోతుంది. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేది తక్కువ. స్పాంజినీ రాళ్లనీ అంటిపెట్టుకుని ఉంటుంది. నేను క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్ల కింద ప్రతి వారం కడిగి పారేసింది దాన్నే.

కాబట్టి ఫిల్టర్ కొనేటప్పుడు నీళ్లని ఎంత మెరిపిస్తుందని కాదు, బ్యాక్టీరియాకి ఎంత చోటిస్తుందని చూడండి.

ముందు మీ తొట్టిలో ఎన్ని లీటర్లు పడతాయో లెక్క కట్టండి. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి గుణించి, వచ్చినదాన్ని 28తో గుణిస్తే లీటర్లు వస్తాయి. మా తొట్టి 2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 1.25 అడుగుల ఎత్తు. అంటే 70 లీటర్లు. రాళ్లూ పైన వదిలిన ఖాళీ పోను 60 అనుకోండి. గంటకి ఆ నీరంతా నాలుగైదు సార్లు ఫిల్టర్‌లోంచి తిరగాలి. అంటే గంటకి 300 లీటర్లు. డబ్బా మీద వేసే అంకె లోపల స్పాంజీ, బ్యాక్టీరియా పట్టే రింగులూ ఏమీ లేనప్పటిది. అందుకే 400 అని రాసి ఉన్నది తీసుకుంటే మనకి కావలసింది దక్కుతుంది.

రెండడుగుల లోపు తొట్టికి, చిన్న చేపలైన గప్పీలకి, ఫైటర్‌కి నేను స్పాంజ్ ఫిల్టర్ తప్ప వేరేది చెప్పను. ఎయిర్ పంపుకి ట్యూబు తగిలిస్తే చాలు. గాలి బుడగలు పైకి పోతూ నీళ్లని స్పాంజిలోంచి లాగుతాయి. ప్రవాహం మెల్లగా ఉంటుంది కాబట్టి గప్పీ పిల్లలు అందులో చిక్కుకోవు, ఫైటర్ అలిసిపోదు. నాకు పంపూ ఫిల్టరూ కలిపి ఐదు వందల లోపే వచ్చాయి. ఒక జాగ్రత్త మాత్రం మర్చిపోకండి: ఎయిర్ పంపుని నీటి మట్టం కంటే పైన పెట్టండి. కుదరకపోతే ట్యూబు మధ్యలో నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ వేయండి. లేదంటే కరెంటు పోయినప్పుడు తొట్టిలో నీళ్లు ట్యూబులోంచి వెనక్కి వచ్చి పంపులోకి, అక్కణ్నుంచి ప్లగ్గులోకి కారతాయి.

గోల్డ్ ఫిష్ సంగతి వేరు. అవి తినేదీ ఎక్కువే, మలం వదిలేదీ ఎక్కువే. మిగిలిన రెండింటి కోసం మూడడుగుల తొట్టి కొన్నాం. దానికి టాప్ ఫిల్టర్ పెట్టాను. పైన ట్రేలో మొదట స్పాంజి, దాని కింద సిరామిక్ రింగులు. మూత తీస్తే అంతా చేతికందుతుంది, కడగడం తేలిక. తొట్టి అంచుకి తగిలించే హ్యాంగ్ ఆన్ ఫిల్టర్ కూడా మంచిదే. కానిస్టర్, అంటే తొట్టి బయట పెట్టే మూత బిగించిన డబ్బా ఫిల్టర్, ఖరీదైనది. పెద్ద తొట్లకి బాగా పనిచేస్తుంది కానీ కరెంటు ఎక్కువసేపు పోయే ఊళ్లలో ఆలోచించి కొనండి. మూత బిగించిన డబ్బాలో నీరు కదలక ఆక్సిజన్ అయిపోయి, బ్యాక్టీరియా చచ్చి లోపల కుళ్లుతుంది. మూడు నాలుగు గంటలు కరెంటు పోయిందంటే, తిరిగి ఆన్ చేసే ముందు ఆ డబ్బాలో నీళ్లు పారబోయాలి. రాళ్ల కింద పరిచే ప్లేటు ఫిల్టర్‌ని మాత్రం నేను వద్దంటాను. మడ్డంతా దాని కిందే పేరుకుంటుంది.

ఫిల్టర్ పెట్టగానే చేపలు వేయకండి. బ్యాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రోజూ చిటికెడు మేత వేస్తూ ఫిల్టర్ నడపండి. పాత తొట్టి ఉన్న స్నేహితుల దగ్గర స్పాంజి పిండిన మడ్డినీళ్లు తెచ్చి పోస్తే ఇంకా త్వరగా అవుతుంది. పాలకి తోడు వేసినట్టే ఇది. చుక్కల టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ పెరిగి, మళ్లీ సున్నాకి వచ్చాక చేపలు తెచ్చుకోండి, అదీ రెండు మూడే.

స్పాంజి కడగాల్సింది తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే. బకెట్లో రెండు మూడు సార్లు పిండితే చాలు, కొత్తదానిలా కనబడనక్కర్లేదు. స్పాంజీ రింగులూ ఒకే రోజు కడగొద్దు. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. మా సంపులో మంజీరా నీళ్లూ బోరు నీళ్లూ కలుస్తాయి. అందుకే క్లోరిన్ ఎగిరిపోయేలా బకెట్లో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచుతాను. తొందరైతే క్లోరిన్ తీసే మందు చుక్కలు వేస్తాను.

ఇక మసక నీళ్లు. కొత్త తొట్టిలో పాలు కలిపినట్టు తెల్లగా అయితే టెన్షన్ పడి నీళ్లన్నీ పారబోయకండి. అది నీళ్లలో తేలే వేరే రకం బ్యాక్టీరియా. మేత సగానికి తగ్గించి, గాలి బాగా ఆడనిస్తే వారం పది రోజుల్లో దానంతటదే తేరుకుంటుంది. ఈ మధ్యలో అమ్మోనియా మాత్రం టెస్ట్ కిట్ తో చూస్తూ ఉండండి, కనిపిస్తే పావు వంతు నీళ్లు మార్చండి. పచ్చగా అయితే అది కంటికి కనబడనంత సన్నని నాచు. స్పాంజికి చిక్కదు. మా తొట్టి బాల్కనీ తలుపు దగ్గర ఉన్నప్పుడు ఎండ తగిలి ఇలాగే అయ్యేది. తొట్టిని లోపలికి జరిపి, లైటు రోజుకి ఆరు గంటలే వేసి, మూడు రోజులు దుప్పటి కప్పి ఉంచాను, ఎయిర్ పంపు మాత్రం ఆపలేదు. దాంతో పోయింది. పోకపోతే యూవీ ల్యాంపు ఉన్న ఫిల్టర్ పనిచేస్తుంది. టీ డికాక్షన్ రంగు వస్తే అది కొయ్య దుంగలోంచో బాదం ఆకులోంచో వచ్చినది, చేపకి హాని లేదు. ఆ రంగు నచ్చకపోతే యాక్టివేటెడ్ కార్బన్ సంచి పెట్టండి. నెలకోసారి దాన్ని మార్చాలి.

పటిక వేయమని చాలామంది చెబుతారు. వేయకండి. మసక అడుగుకి దిగుతుంది నిజమే, కానీ నీళ్ల పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది, అంటే నీళ్లు పులుపెక్కుతాయి. అమ్మోనియా ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఎండాకాలంలో ఇంకొంచెం కనిపెట్టి ఉండాలి. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకి 8 మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ పడితే, 30 డిగ్రీలకి అది ఏడున్నర. పైగా వేడికి అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది. మే నెలలో కరెంటు పోతే మా అన్నయ్య వాళ్లు చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల కోసం జనరేటర్ దగ్గరికి ఎందుకు పరిగెత్తుతారో నాకిప్పుడు అర్థమవుతోంది. ఇంట్లో బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఉంచుకోండి. కరెంటు లేనంతసేపూ మేత వేయకండి.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు నేను ముందు రోజు నీళ్లు మార్చి, ఫిల్టర్ నడుస్తోందో లేదో చూసి, మేత డబ్బా బీరువాలో పెట్టేస్తాను. పెద్ద చేపలు నాలుగైదు రోజులు మేత లేకుండా హాయిగా ఉంటాయి. పక్కింటి ఆంటీకి తాళం ఇచ్చి, రోజుకోసారి బుడగలు వస్తున్నాయో లేదో మాత్రం చూడమని చెప్పి వెళ్తాను.