మందుల దుష్ప్రభావాలను సోషల్ మీడియా పోస్టుల్లో పసిగట్టడం ఎలా

విశాఖపట్నంలో ఈ పనికి పూనుకునే ఫార్మసీ విద్యార్థి అన్ని మందుల కోసం ఒకేసారి వెతకకుండా, ఒక్క మందుతో, ఉదాహరణకు బీపీకి విరివిగా రాసే రామిప్రిల్‌తో, ప్రారంభించడం మేలు. దీనివల్ల కొందరికి పొడి దగ్గు వస్తుందని వైద్యులకు ముందే తెలుసు కనుక, మన వెతుకులాట సరైన దారిలో ఉందో లేదో ఆ దగ్గే తేల్చి చెబుతుంది.

అందరికీ కనిపించే పోస్టులనే తీసుకోవాలి. పేర్లు, ఫోన్ నంబర్లు, మందుల చీటీల ఫొటోలు వెంటనే తొలగించాలి. వెతికే పదాల్లో బ్రాండ్ పేర్లు, తప్పు స్పెల్లింగులు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు కూడా ఉండాలి. చాలామంది మందు పేరే రాయరు; "బీపీ బిళ్ల మార్చినప్పటి నుంచి రాత్రంతా ఖళ్లుఖళ్లుమని దగ్గు, కఫం మాత్రం లేదు" అని రాస్తారు.

అసలు శ్రమంతా ఇటువంటి పోస్టును చదవడంలోనే ఉంది. మందు వేసుకున్నది రాసిన వ్యక్తా, వాళ్ల అమ్మగారా? దగ్గు మందుకు ముందే ఉందా, తరువాత మొదలైందా? వైద్యుడు మందు మార్చాక తగ్గిందా? రామిప్రిల్ వల్ల వచ్చే దగ్గు సాధారణంగా మందు ఆపిన కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. పోర్టు సమీపంలోని పాతనగరంలో ఉండేవారికైతే బొగ్గు ధూళి కూడా కారణం కావచ్చు, ఆ దగ్గు బిళ్ల మార్చినంత మాత్రాన పోదు. జవాబు దొరకని పోస్టులను "అస్పష్టం" అని వేరుగా ఉంచాలి తప్ప, లెక్క పెంచుకోవడానికి కలపకూడదు.

ఒకే పోస్టును పదిమంది పంచుకుంటే అది ఒక్క కేసే. ఆ మందు మొత్తం ఎందరు వాడుతున్నారో పోస్టులు చెప్పవు కాబట్టి, వాటి నుంచి శాతాలు తీయడం అర్థం లేని పని. మందుల దుష్ప్రభావాలను పసిగట్టడంలో సోషల్ మీడియా ఎంతవరకు పనికొస్తుందో పరిశీలించేందుకు 2014లో ఐరోపాలో మొదలైన వెబ్-రాడర్ ప్రాజెక్టు సైతం ట్విట్టర్, ఫేస్‌బుక్‌లను సాధారణ సిగ్నల్ గుర్తింపుకు, అంటే కొత్త దుష్ప్రభావాల సూచనలను పట్టుకోవడానికి, సిఫారసు చేయలేదు. మందుల దుర్వినియోగం, గర్భిణుల మందుల వాడకం వంటి కొన్ని చోట్ల మాత్రమే వాటికి ఉపయోగం ఉండవచ్చని భావించింది.

అనుమానం బలంగా ఉంటే, రోగి, తెలిపిన వ్యక్తి, మందు, లక్షణం అనే నాలుగు వివరాలతో మందుల దుష్ప్రభావాలపై నిఘా పెట్టే భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి నివేదించవచ్చు. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. రోగులు స్వయంగా నింపే పత్రం తెలుగులోనూ ఉంది. పోస్టు రాసినవారికి మందు మానేయమని సలహా ఇవ్వకుండా, రాసిచ్చిన వైద్యుణ్ణి అడగమని చెప్పాలి. పెదవులు, నాలుక ఉబ్బాయనో, ఊపిరి ఆడటం లేదనో రాస్తే మాత్రం పట్టికలు పక్కనపెట్టి, తక్షణం విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకో, దగ్గరున్న మరో ఆసుపత్రికో వెళ్లమని ఆ పోస్టు కిందే రాయాలి.