రైల్స్ యాప్‌లో ట్యాబ్ ఐకాన్ రావట్లేదా? ఇలా వెతకండి

రైల్స్ అంటే రూబీ భాషలో వెబ్ యాప్‌లు కట్టే ఫ్రేమ్‌వర్క్; బ్రౌజర్ ట్యాబ్‌లో కనిపించే చిన్న బొమ్మే ఫేవికాన్. ఏం చేసే ముందైనా, ఐకాన్ రాని పేజీ తెరిచి కంట్రోల్ యూ కొట్టండి, పేజీ హెచ్‌టీఎంఎల్ కోడ్ కనిపిస్తుంది. దాని పైభాగమైన హెడ్‌లో ఐకాన్ లింక్ ట్యాగ్ ఉందా? ఉంటే దాని అడ్రస్‌ని క్లిక్ చేసి బొమ్మ వస్తుందో లేదో చూడండి. అర నిమిషం పని. ఇది వదిలేసి గంటలకు గంటలు కేష్ (బ్రౌజర్ దాచుకున్న పాత కాపీలు) క్లియర్ చేసేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది.

ఏ పేజీలోనూ ట్యాగ్ లేదు
లేఅవుట్‌లో (పేజీలన్నిటికీ చుట్టూ వచ్చే టెంప్లేట్) ఫేవికాన్ లింక్ ట్యాగ్ హెల్పర్ (ఆ ట్యాగ్‌ను రాసిపెట్టే రైల్స్ ఫంక్షన్) ముందు, పర్సంట్ పక్కన ఈక్వల్ గుర్తు ఉందో లేదో చూడండి. అది లేకపోతే ఫంక్షన్ నడుస్తుంది కానీ పేజీలోకి ఏమీ రాదు. ఎర్రర్ కూడా ఉండదు.

హోమ్ పేజీలో ఉంది, లాగిన్ పేజీలో లేదు
నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఒక క్లయింట్ యాప్‌లో ఒక సాయంత్రమంతా దీనికే పోయింది. లాగ్‌లో 404 (ఫైల్ దొరకలేదనే ఎర్రర్) లేదు. బ్రౌజర్‌లో సైట్ అడ్రస్ చివర స్లాష్ ఫేవికాన్ డాట్ ఐకో అని టైప్ చేస్తే 200 (అంతా సరే అనే జవాబు) వచ్చింది, కానీ పేజీ ఖాళీ. చివరికి పబ్లిక్ ఫోల్డర్‌లో ఆ ఫైల్ సైజు చూశాను: 0 బైట్లు.

జరిగేది ఇదీ. రైల్స్ 5, 6 రోజుల్లో కొత్త యాప్ మొదలుపెడితే పబ్లిక్‌లో ఖాళీ ఫేవికాన్ ఫైల్ ఒకటి వచ్చేది. వెర్షన్ పెంచినా అది అక్కడే ఉండిపోతుంది. హోమ్ పేజీ లేఅవుట్‌లో హెల్పర్ ఉంది కాబట్టి ఐకాన్ అసెట్స్ (యాప్ బొమ్మలు ఉండే ఫోల్డర్) నుంచి వస్తుంది. లాగిన్‌కి, అడ్మిన్‌కి వేరే లేఅవుట్లు ఉండి, వాటిలో హెల్పర్ పెట్టడం మర్చిపోతే, బ్రౌజర్ తనంతట తాను ఆ ఖాళీ ఫైల్‌నే అడుగుతుంది. ఫైల్ ఉంది కాబట్టి సర్వర్ ఇచ్చేస్తుంది, తప్పు ఎక్కడా కనపడదు.

ఐకాన్ ట్యాగులన్నీ ఒక పార్షల్‌లో (వేరే టెంప్లేట్లలో చేర్చుకునే చిన్న టెంప్లేట్) పెట్టి, లేఅవుట్స్ ఫోల్డర్‌లోని ప్రతి పేజీ లేఅవుట్ హెడ్‌లో రెండర్ చేయండి. ఖాళీ ఫైల్ స్థానంలో అసలు ఐకాన్ కూడా పెట్టండి. పబ్లిక్‌లోని 404, 500 పేజీలు మామూలు హెచ్‌టీఎంఎల్, వాటిలో హెల్పర్ నడవదు. వాటికి ఆ ఫైలే దిక్కు.

పాత ఐకానే కనిపిస్తోంది
బ్రౌజర్ ఐకాన్లను విడిగా దాచుకుంటుంది, పేజీ రీఫ్రెష్ చేస్తే చాలాసార్లు పోదు. ఐకాన్ అడ్రస్‌నే నేరుగా తెరిచి రీఫ్రెష్ చేయండి. ఐకాన్ అసెట్ పైప్‌లైన్‌లో (అసెట్స్‌ను సిద్ధం చేసి అందించే రైల్స్ వ్యవస్థ) ఉంటే ఫైల్ మారినప్పుడు పేరు చివరి డైజెస్ట్ (ఫైల్‌ను బట్టి వచ్చే కోడ్) కూడా మారుతుంది కాబట్టి ప్రొడక్షన్‌లో యూజర్లకు ఈ బాధ ఉండదు.

ఐఫోన్ హోమ్ స్క్రీన్ మీద రావట్లేదు
దానికి ఇంకోసారి హెల్పర్ పిలవాలి: రెల్‌కి యాపిల్ టచ్ ఐకాన్, టైప్‌కి ఇమేజ్ స్లాష్ పీఎన్‌జీ, బొమ్మ 180×180. టైప్ ఇవ్వకపోతే హెల్పర్ ఐకో టైపే రాసేస్తుంది.

మ్యాక్‌లో పనిచేసి లైనక్స్ సర్వర్‌లో రాకపోతే ఫైల్ పేరులో పెద్ద, చిన్న అక్షరాలు సరిచూడండి. సైట్ సెక్యూరిటీ పాలసీ (పేజీ ఏ ఫైళ్లను ఎక్కడి నుంచి తేవచ్చో చెప్పే నియమాలు) బొమ్మను ఆపేయడం చాలా అరుదు, ఆపితే బ్రౌజర్ కన్సోల్‌లోనే కనిపిస్తుంది.