వయసు, నరాలు – 4వ పాఠం: కళ్లు మూస్తే తూలుడెందుకు?

ఇంట్లో పెద్దవాళ్లు ముఖానికి సబ్బు రాసుకునేటప్పుడు గమనించండి. కళ్లు మూసుకోగానే ఒక చెయ్యి వాష్‌బేసిన్ అంచు కోసం తడుముకుంటుందా? అడిగితే ‘కాళ్లలో సత్తువ తగ్గింది’ అంటారు. తగ్గే ఉండొచ్చు. కానీ కళ్లు మూసుకున్నంత మాత్రాన కండల్లో సత్తువ పోదు కదా! అక్కడ కరువైంది కబురు.

మనిషి నిటారుగా నిలబడాలంటే మెదడుకి మూడు చోట్ల నుంచి కబురందాలి: కళ్లు, లోపలి చెవి, పాదాలు. వయసుతో మూడూ మందగిస్తాయి గానీ పాదాల దెబ్బ పెద్దది. కాలి బొటనవేలి నుంచి బయల్దేరే నరాల పోగులు ఒంట్లో అన్నిటికన్నా పొడవైనవి, మీటరు దాటతాయి. ఆ పోగుకి కావాల్సిన సరుకు అంత పొడవునా చేరవేయడం నరాల కణానికి కష్టమవుతుంది. పోగు పైనున్న మైలిన్ అనే తొడుగు పలచబడితే సంకేతం నెమ్మదిస్తుంది. డాక్టరు 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కును (కొడితే అదిరే లోహపు కడ్డీ) బొటనవేలి ఎముకకి ఆనించి ‘అదురు తెలుస్తోందా?’ అని అడిగేది ఇందుకే. ఈ లోటుని పగలంతా కళ్లు పూడుస్తాయి. రాత్రి లైటు వేయకుండా బాత్రూమ్‌కి లేచినప్పుడు బయటపడుతుంది.

ఇక పరీక్ష. గది మూలకి వీపు పెట్టి, గోడకి జానెడు దూరంలో నిలబెట్టండి. ఎదురుగా బరువైన కుర్చీ, దాని వీపు చేతికందేలా ఉండాలి. కాళ్లకి చెప్పులొద్దు, నేల తడిగా ఉండకూడదు. మీరు పక్కనే ఉండి, చేతులు నడుముకి దగ్గరగా ఉంచండి. పట్టుకోకూడదు. పట్టుకున్నారంటే మీ చెయ్యే నాలుగో కబురైపోతుంది, పరీక్ష చెడుతుంది.

కళ్లు తెరిచే, ఒక్కో భంగిమలో 10 సెకన్లు. మొదట పాదాలు పక్కపక్కన. తర్వాత ఒక పాదాన్ని కాస్త ముందుకి జరిపి, దాని మడమ లోపలి వైపు రెండో పాదం బొటనవేలికి తగిలేలా. మూడోది ఒక పాదం మడమ, రెండో పాదం వేళ్లు ఒకే గీత మీద ఆనేలా. చివరిది ఒంటికాలు. సెకన్లు ఫోన్‌లో చూడండి. నోటితో లెక్కపెడితే కంగారులో పది అంకెలూ ఆరు సెకన్లకే అయిపోతాయి. మూడో భంగిమలో 10 సెకన్లు నిలవలేకపోతే పడిపోయే ముప్పు ఎక్కువని అర్థం. అక్కడే ఆపండి, నాలుగోది వద్దు.

సాధన, తడబడిన భంగిమకి ఒక మెట్టు కింద మొదలవ్వాలి. మూడోది రాకపోతే రెండోదాంట్లో రోజూ 5 సార్లు, ఒక్కోసారి 20 సెకన్లు. అది నిలకడగా వచ్చాక అదే భంగిమలో తలని మెల్లగా ఎడమకీ కుడికీ తిప్పించండి, లోపలి చెవికి పని తగులుతుంది. కళ్లు మూయించడం అన్నిటికన్నా ఆఖరున, అదీ పాదాలు పక్కపక్కన ఉన్న భంగిమలోనే. చాలామంది చేసే తప్పు పాదాల వంక చూడటం. చూపు ఎదురుగోడ మీద ఒక చుక్కకి కట్టేయాలి. రెండోది ఊపిరి బిగబట్టడం. ‘ఇవాళ కూరేంటి?’ అని అడగండి, జవాబు చెబుతూ ఊపిరి బిగబట్టలేరు.

అన్నిటినీ వయసు ఖాతాలో రాసేయకండి. అరికాళ్లు దూది మీద నిలబడ్డట్టున్నాయంటే షుగరుతో పాటు బి12 విటమిన్ కూడా చూపించాలి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ (షుగరు మందు), గ్యాస్ మాత్రలు వాడేవారిలోనూ, పాలూ గుడ్లూ కూడా తినని శాకాహారుల్లోనూ బి12 తగ్గుతుంది. త్వరగా పట్టుకుంటే ఇంజెక్షన్లతో చాలావరకు కోలుకుంటారు, ఆలస్యమైతే కొంత నష్టం నిలిచిపోతుంది. వయసు తూలుడు నెమ్మదిగా, రెండు వైపులా వస్తుంది. ఉన్నట్టుండి ఒకవైపే వస్తే సాధన సంగతి పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి.

వచ్చే పాఠం దాకా తేదీ, భంగిమ, సెకన్లు నోట్‌బుక్‌లో రాయండి. లేవగానే కళ్లు తిరిగిన రోజులుంటే వాటికి గుర్తు పెట్టండి. అది బీపీ కథ, 5వ పాఠంలో పనికొస్తుంది.