స్పెక్ట్రమ్‌లో దొంగ పీక్: ఎలా వదిలించుకున్నాను
మోటారు కంపనం కొలిచే పరికరం తయారుచేస్తుంటే, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత కంపనం ఉందో చూపే స్పెక్ట్రమ్‌లో 300 హెర్ట్జ్ దగ్గర ఒక పీక్ వచ్చేది. మోటారు వేగంతో దానికి లెక్క కుదరలేదు. బేరింగ్ పోయిందేమోనని టెన్షన్.

శాంప్లింగ్ రేటును (సెకనుకు ఎన్నిసార్లు సిగ్నల్ కొలుస్తామో అది) 2000 నుంచి 2500 హెర్ట్జ్‌కి మార్చాను. పీక్ 800కి జరిగింది! నిజంగా అక్కడే ఉన్న కంపనమైతే కదలదు. రెండు లెక్కలకూ సరిపోయేది 1700 హెర్ట్జ్: శాంప్లింగ్ రేటులో సగం దాటింది కాబట్టి 2000లోంచి పోగా 300గా, 2500లోంచి పోగా 800గా మడతపడి కనిపించింది.

దీనికి డిజిటల్ ఫిల్టర్ పనికిరాదు. ఏడీసీ (అనలాగ్ సిగ్నల్ను అంకెలుగా మార్చే భాగం) దాటాక అసలుదీ నకిలీదీ విడదీయలేం; ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను. ఏడీసీకి ముందే 500 హెర్ట్జ్ కటాఫ్‌తో నాలుగో ఆర్డర్ అనలాగ్ లో-పాస్ ఫిల్టర్ (కటాఫ్ కన్నా పై ఫ్రీక్వెన్సీలను తగ్గించేది; ఆర్డర్ పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా తగ్గిస్తుంది) పెట్టాను. 1700 దగ్గర సిగ్నల్ నూరో వంతుకన్నా తగ్గిపోయింది, పీక్ మాయం.