టండ్రా మొక్కలు ఎంత వెలుతురు తిప్పి పంపుతున్నాయో నేల మీదే కొలవడం ఎలా?

ఆర్కిటిక్ టండ్రా పచ్చబడుతోందని ఉపగ్రహాలు చెబుతున్నాయి. సరే, కానీ ల్యాండ్‌శాట్ ఉపగ్రహం చూసే 30 మీటర్ల గడిలో తుంగ దుబ్బులు, నాచు, లైకెన్లు, పొట్టి బిర్చ్ పొదలు, నీటి గుంటలు అన్నీ కలగలిసే ఉంటాయి. ఆ పచ్చదనం దేనిదో తేలాలంటే స్పెక్ట్రోమీటర్ (వెలుతురుని రంగుల వారీగా విడదీసి కొలిచే పరికరం) పట్టుకుని అక్కడికి వెళ్లాల్సిందే.

ముందు టైమ్ చూసుకోండి. అలాస్కాలోని టూలిక్ సరస్సు దగ్గర జూన్ 21న కూడా సూర్యుడు 45 డిగ్రీలు దాటి పైకి రాడు, పైగా వేసవిలో అక్కడ సూర్యుడు బాగా ఎత్తుకొచ్చేది గడియారంలో 12కి కాదు, దాదాపు 2 గంటలకి. దానికి అటూ ఇటూ రెండేసి గంటల్లో పని ముగించండి. అర్ధరాత్రి కూడా వెలుతురుంది కదా అని అప్పుడు కొలిస్తే దుబ్బుల నీడలే రికార్డవుతాయి.

పరికరాన్ని ఓ అరగంట ముందే ఆన్ చేసి వేడెక్కనివ్వండి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, స్పేర్ ఒకటి కోటు లోపల పెట్టుకోండి.

ఇక అసలు ప్రాణమంతా తెల్ల ప్యానెల్‌లోనే ఉంది. మీద పడ్డ వెలుతురులో దాదాపు 99 శాతం తిప్పి పంపే పలక అది. మొక్కల రీడింగ్‌ని దాంతోనే పోల్చాలి కాబట్టి దాన్ని వేలితో ముట్టుకోకండి, సమతలంగా పెట్టండి, ప్రతి ప్లాట్‌కి (కొలవడానికి ఎంచుకున్న నేల ముక్కకి) ముందు ఒకసారి కొలవండి, మధ్యలో మబ్బు అడ్డొస్తే బద్ధకించకుండా మళ్లీ కొలవండి. వెలుతురు పూర్తిగా మూసేసి 'చీకటి' రీడింగ్ కూడా తీసుకోండి.

ముదురు రంగు బట్టలు వేసుకుని, సూర్యుడికి ఎదురుగా నిలబడి, చెయ్యి బాగా ముందుకు చాపి సెన్సార్‌ని నిటారుగా కిందికి చూపించండి. 25 డిగ్రీల కోణంలో చూసే లెన్సు మీటరు ఎత్తులో ఉంటే 44 సెంటీమీటర్ల వెడల్పున్న వలయం కనిపిస్తుంది, ఒక్క దుబ్బు, దాని పక్కన కాస్త నాచు, అంతే. అందుకే ఒక్కో ప్లాట్‌లో చాలా చోట్ల కొలిచి సగటు తీయాలి. చెక్క పలకల మీదే నడవండి, తొక్కిన నాచు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ప్రతి ప్లాట్‌కి ఫొటో తీసి, నాచు తడిగా ఉందా పొడిగా ఉందా రాసుకోండి. స్ఫాగ్నం అనే నాచు ఎండితే తెల్లబారిపోతుంది, మొక్క అదే అయినా అంకె మారిపోతుంది.

లెక్క తేలికే. రెండు రీడింగుల్లోంచీ చీకటి విలువ తీసేసి, మొక్క విలువని ప్యానెల్ విలువతో భాగించండి. ఎరుపులో 0.05, సమీప పరారుణంలో 0.35 వచ్చిందనుకోండి, తేడాని మొత్తంతో భాగిస్తే పచ్చదనాన్ని చెప్పే సూచిక, ఎన్‌డీవీఐ, 0.75. 1400, 1900 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర గ్రాఫ్ గీత పిచ్చిగా ఎగిరిపడితే కంగారొద్దు, గాలిలోని నీటి ఆవిరి ఆ వెలుతురుని మింగేస్తుంది, ఆ ముక్కలు తీసేయండి.