బోల్టు వదులైందో లేదో చెప్పే నెయిల్ పాలిష్

ఈ-బాజా కారు (ఇంజనీరింగ్ విద్యార్థులు పోటీ కోసం తయారుచేసే ఎలక్ట్రిక్ ఆఫ్-రోడ్ బండి) ఒక రౌండ్ కొట్టి వచ్చాక ఏ నట్టు వదులైందో తెలియక అన్నిటికీ మళ్లీ స్పానర్ పెట్టడం మహా విసుగు. టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువు కావాలో అంతే బిగించే స్పానర్) సరిగ్గా బిగించాక, జిడ్డు తుడిచి, బోల్టు కొస నుంచి నట్టు మీదుగా పక్క రేకు దాకా నెయిల్ పాలిష్‌తో ఒకే సన్నని గీత గీయండి. ఎరుపైతే బాగా కనబడుతుంది. పావుగంట ఆరనివ్వాలి. గీత తెగి జరిగితే నట్టు కదిలినట్టే. మళ్లీ బిగిస్తే పాత గీత చెరిపేయాలి, లేకపోతే అంతా గందరగోళం. స్టీరింగ్, బ్రేకులు, సస్పెన్షన్ ముందు చూసుకోండి.

బ్యాటరీ దగ్గర మాత్రం వద్దు. పాలిష్‌లోని ద్రావకానికి పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) మూతలు పగుళ్లిస్తాయి, టెర్మినల్ సందులోకి దిగితే కాంటాక్ట్ చెడి అక్కడే వేడెక్కుతుంది. ఈ గీత వదులైందని చూపిస్తుందంతే, ఆపదు; కాబట్టి నైలాక్ నట్టు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేది) పెట్టాల్సిన చోట అది పెట్టాల్సిందే.