టెక్సస్‌లో సీబీడీ, హెంప్ సరుకు కొనేటప్పుడు ఏమేం చూస్కోవాలి

పోయిన చలికాలం అమ్మ విజయవాడ నుంచి మా దగ్గరికి వచ్చింది. మోకాళ్ళ నొప్పులు ముందునుంచే ఉన్నాయి, ఇక్కడ డల్లాస్ చలికి ఇంకాస్త ఎక్కువయ్యాయి. పార్కులో వాకింగ్‌కి వచ్చే ఇంకో పెద్దావిడ సీబీడీ (హెంప్ మొక్క నుంచి తీసే, మత్తు ఇవ్వని పదార్థం) క్రీమ్ రాస్కోమని చెప్పిందంట, ఇంటికి రాగానే "అదేదో క్రీమంట, తెచ్చిపెట్టరా" అంది. నేను ఆఫీసు నుంచి వస్తూ దార్లో ఒక స్మోక్ షాపులో ఆగి ట్యూబు కొన్నా, గోడకి లైసెన్సు ఫ్రేము కట్టి ఉంది, కౌంటర్లో కుర్రాడు కూడా మర్యాదగానే మాట్లాడాడు. ఇంటికొచ్చి ట్యూబు మీదున్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ల్యాబ్ రిపోర్టు ఓపెన్ అయింది గానీ అది క్రీముది కాదు, గమ్మీలది, అదీ రెండేళ్ళ కిందటిది. అమ్మని రాస్కోనివ్వలేదు, మర్నాడే తిరిగిచ్చేశా. ఆ రోజు నుంచి రూల్సన్నీ కూర్చుని చదివా. అమ్మానాన్నల కోసమో తమ కోసమో ఇవి కొనే మనవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

ముందు అసలు విషయం. హెంప్ అన్నా గంజాయి అన్నా మొక్క ఒకటే, తేడా అంతా మత్తు ఇచ్చే టీహెచ్‌సీ ఎంత ఉందన్న దాంట్లోనే. 2018 డిసెంబర్‌లో వచ్చిన ఫార్మ్ బిల్లు డెల్టా-9 టీహెచ్‌సీ (మత్తు ఇచ్చే ముఖ్యమైన రకం) ఎండు బరువులో 0.3 శాతం మించకపోతే అది హెంప్, మించితే గంజాయి అని గీత గీసింది. 2019లో టెక్సస్ కూడా అదే గీతతో తన చట్టం తెచ్చుకుంది. ఈ గీతలో ఉన్న చిక్కు చూడండి: లెక్క శాతంలో ఉంది కాబట్టి వస్తువు బరువు పెరిగేకొద్దీ టీహెచ్‌సీ కూడా పెంచుకోవచ్చు. 4 గ్రాముల గమ్మీలో 0.3 శాతం అంటే 12 మిల్లీగ్రాములు. మిన్నెసోటాలో 2022లో చట్టం చేసినప్పుడు ఒక సర్వింగ్‌కి 5 మిల్లీగ్రాములే హద్దు పెట్టారు, అంటే ఈ 12 దానికి రెండింతల పైనే. అందుకే డబ్బా మీద "0.3 శాతం కంటే తక్కువ" అని ఉంది కదా, ఏం కాదులే అనుకుని అలవాటు లేని పెద్దవాళ్ళకి గమ్మీ ఇచ్చేయకండి. శాతం వదిలేసి ఒక్క గమ్మీలో ఎన్ని మిల్లీగ్రాములు ఉందో చూడండి, అది రాయకపోతే ఆ డబ్బా అక్కడే పెట్టేసి వచ్చేయండి.

రూల్స్ ఎంత తొందరగా మారుతున్నాయంటే పోయినేడాది ఫ్రెండు చెప్పిన మాట ఈ ఏడాది పనికిరాదు. 2025లో టెక్సస్ అసెంబ్లీ టీహెచ్‌సీ ఉన్న హెంప్ మొత్తాన్ని బ్యాన్ చేస్తూ ఎస్‌బీ 3 అనే బిల్లు పాస్ చేసింది, జూన్ 22న గవర్నర్ గ్రెగ్ అబాట్ దాన్ని వీటో చేశాడు. మళ్ళీ ఆయనే సెప్టెంబర్ 10న ఆర్డరిచ్చి 21 ఏళ్ళ లోపువాళ్ళకి అమ్మకూడదు, ఐడీ చూడాల్సిందే అన్నాడు. మద్యం లైసెన్సులు చూసే టీఏబీసీ, హెల్త్ డిపార్ట్‌మెంట్ డీఎస్‌హెచ్‌ఎస్ రెండూ దాని మీద రూల్స్ తెచ్చాయి. ఈలోపు 2025 సెప్టెంబర్ 1 నుంచి సీబీడీ గానీ టీహెచ్‌సీ గానీ ఉన్న వేప్‌లు అమ్మడం టెక్సస్‌లో నేరం, అమ్మినవాళ్ళకి ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా ఫైను పడొచ్చు. కాబట్టి ఏ షాపులోనైనా మీకు వేప్ తీసి చూపించి "ఇది హెంపే, లీగలే" అన్నారంటే ఆ షాపులో ఇంకేదీ కొనకండి. రూలు తెలిసి కూడా అమ్మేవాడు మిగతా సరుకు మాత్రం జాగ్రత్తగా చూసి తెస్తాడని ఎలా నమ్ముతాం.

ఫెడరల్‌గా ఇంకా పెద్ద మార్పు ఉంది. 2025 నవంబర్ 12న సంతకమైన ఖర్చుల బిల్లులో హెంప్ నిర్వచనమే మార్చేశారు, ఏడాది టైమిచ్చారు, అంటే చట్టంలో ఉన్న తేదీ 2026 నవంబర్ 12. దాని ప్రకారం ఒక డబ్బా మొత్తం కలిపి టీహెచ్‌సీ 0.4 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక్క గమ్మీకి కాదు, డబ్బా మొత్తానికి. 30 మిల్లీలీటర్ల సీబీడీ ఆయిల్ సీసాలో టీహెచ్‌సీ 0.1 శాతమే ఉందనుకున్నా దగ్గరదగ్గర 28 మిల్లీగ్రాములు అవుతుంది, అంటే ఇప్పుడు షెల్ఫుల్లో ఉన్న ఫుల్ స్పెక్ట్రమ్ ఆయిల్స్‌లో (సీబీడీతో పాటు మొక్కలోని కాస్త టీహెచ్‌సీ కూడా ఉండేవి) చాలావరకు ఆ లెక్కకి నిలబడవు. ల్యాబులో సీబీడీ నుంచి మార్చి తయారుచేసే డెల్టా-8 లాంటి టీహెచ్‌సీ రకాలు కూడా బయటికే. ఆ తేదీ దగ్గరపడేకొద్దీ షాపులు స్టాకు వదిలించుకోడానికి సగం రేటుకి ఇవ్వొచ్చు, చవగ్గా వస్తుందని ఏడాదికి సరిపడా కొనిపెట్టుకోకండి.

ఇప్పుడు కొనడం సంగతి. టెక్సస్‌లో తయారుచేసేవాళ్ళకి లైసెన్సు, అమ్మేవాళ్ళకి రిజిస్ట్రేషన్ ఉండాలి, రెండూ డీఎస్‌హెచ్‌ఎస్ ఇస్తుంది, ఒకే ఓనరుకి నాలుగు షాపులుంటే నాలుగు అడ్రసులకీ విడివిడిగా ఉండాలి. గోడ మీద ఫ్రేము చూసి నేను నమ్మినట్టు మీరు నమ్మకండి. డీఎస్‌హెచ్‌ఎస్ వెబ్‌సైట్లో వెతుక్కోవచ్చు, షాపు పేరు, అడ్రసు, గడువు తేదీ మూడూ కలవాలి. బోర్డు మీదుండే పేరు ఒకటి, రిజిస్ట్రేషన్‌లో ఉండే కంపెనీ పేరు ఇంకొకటి అవ్వొచ్చు, అప్పుడు అడ్రసుతో పోల్చుకోండి. ఐడీ అడగకుండా అమ్మే షాపైతే మీకు నెరిసిన జుట్టున్నా సరే దాన్ని నమ్మొద్దు.

లైసెన్సు అనేది షాపుకి, సరుక్కి కాదు. సరుకు సంగతి తేలేది ల్యాబ్ రిపోర్టులో, దాన్నే సీఓఏ అంటారు. టెక్సస్ రూల్ ప్రకారం లేబుల్ మీద లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన సరుక్కి ఇచ్చే నంబరు), లాట్ తేదీ, ప్రోడక్ట్ పేరు, తయారుచేసినవాళ్ళ పేరు, ఫోన్ నంబరు, ఈమెయిలు, ల్యాబ్ రిపోర్టుకి లింకు, డెల్టా-9 0.3 శాతం మించలేదన్న హామీ ఉండాలి. డబ్బులివ్వకముందే కౌంటర్ దగ్గరే నిలబడి స్కాన్ చేయండి, మొహమాటం వద్దు. రిపోర్టులో లాట్ నంబరు మీ చేతిలో ఉన్న డబ్బా మీద నంబరుతో అక్షరం అక్షరం కలవాలి, నా ట్యూబు విషయంలో తేడా కొట్టింది ఇక్కడే. ల్యాబుకి ఐఎస్‌ఓ 17025 (టెస్టింగ్ ల్యాబుల నాణ్యత ప్రమాణం) గుర్తింపు ఉందో లేదో చూడండి. ఓపికుంటే ఆ ల్యాబు సొంత వెబ్‌సైట్లోకెళ్ళి రిపోర్టు నంబరు కొట్టి చూడండి, ఎందుకంటే పీడీఎఫ్‌లో తేదీ మార్చడం రెండు నిమిషాల పని.

రిపోర్టు మొదటి పేజీలో డెల్టా-9 దగ్గర "ఎన్‌డీ" అని ఉంటే వాళ్ళ మిషన్‌కి దొరకనంత తక్కువ అని అర్థం. అక్కడితో ఆగకండి, కింద టీహెచ్‌సీఏ అనే లైను కూడా ఉంటుంది, అది వేడి తగిలితే టీహెచ్‌సీగా మారిపోతుంది. టీహెచ్‌సీఏ అంకెని 0.877తో గుణించి డెల్టా-9కి కలిపితే వచ్చేదే మొత్తం టీహెచ్‌సీ. డెల్టా-9 0.2 శాతం, టీహెచ్‌సీఏ 20 శాతం అని ఉన్న పువ్వుని "హెంప్" అని అమ్ముతారు, లెక్కేస్తే అది 17 శాతం పైనే, పేరు ఏదైనా మత్తులో అది గంజాయే. తర్వాతి పేజీల్లో సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం, పురుగుమందులు, సాల్వెంట్లు, బూజు టెస్టులు ఉండాలి. హెంప్ మొక్క మట్టిలోని లోహాలని బాగా పీల్చుకుంటుంది కాబట్టి ఈ పేజీలు లేని రిపోర్టుని నేను సగం రిపోర్టుగానే చూస్తా.

వీసా మీదున్నవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవండి. హద్దు దాటిన గమ్మీ గానీ ఆయిల్ గానీ దొరికితే టెక్సస్‌లో దాన్ని మామూలు గంజాయి కేసులా చూడరు, ఒక గ్రాము లోపున్నా స్టేట్ జైల్ ఫెలనీ అనే పెద్ద నేరం, 180 రోజుల నుంచి రెండేళ్ళ దాకా జైలు. ఫెడరల్‌గా చూస్తే డ్రగ్స్ కేసుల్లో శిక్ష పడితే డిపోర్టేషన్ దాకా వెళ్ళొచ్చు, శిక్ష పడకపోయినా వాడానని ఒప్పుకోవడం కూడా గ్రీన్‌కార్డుకి అడ్డం రావొచ్చు. పోలీసుల ఫీల్డ్ టెస్టుకి హెంపేదో గంజాయేదో తేడా తెలీదు, అందుకని సీలు తియ్యని డబ్బా, రసీదు, రిపోర్టు ప్రింటు కలిపి ఒకే కవర్లో పెట్టి డిక్కీలో పెట్టుకోండి. కొత్త ఉద్యోగానికి యూరిన్ టెస్టు ఉంటే ఫుల్ స్పెక్ట్రమ్ జోలికే వెళ్ళకండి, సీబీడీ అని వాడినా అందులో ఉన్న కాస్త టీహెచ్‌సీకే పాజిటివ్ రావొచ్చు, హెంప్ అని చెప్పుకున్నా ఆ కంపెనీ వినక్కర్లేదు. ఎఫ్-1, హెచ్-1బీ వాళ్ళు వాడాల్సే వస్తే టీహెచ్‌సీ అసలు లేని ఐసొలేట్ రకం, అదీ రిపోర్టులో అన్ని టీహెచ్‌సీ లైన్లూ ఎన్‌డీ ఉన్నదే తీస్కోండి అంటా నేను. సందేహం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని ముందు అడగండి, కొన్న తర్వాత కాదు.

వేరే రాష్ట్రాల రూల్స్ వేరు. ఐడహోలో టీహెచ్‌సీ కొంచెం ఉన్నా నేరమే, ఎల్లోస్టోన్ ట్రిప్పుకి ఆ దారిన వెళ్ళేవాళ్ళు చాలామంది మనవాళ్ళు. కాలిఫోర్నియాలో 2024 సెప్టెంబర్ నుంచి తినే, తాగే హెంప్ సరుకులో టీహెచ్‌సీ ఆనవాలు కూడా ఉండకూడదు. ఇక్కడ కొన్నదాన్ని కార్లో వేసుకుని రాష్ట్రాలు దాటకపోవడమే మంచిది.

ఆన్‌లైన్లో ఇంకో పొరపాటు జరుగుతుంది. అమెజాన్ సీబీడీ అమ్మనివ్వదు, అక్కడ "హెంప్ ఆయిల్" అని ఉండేది ఎక్కువగా గింజల నూనె, అందులో సీబీడీ దాదాపు ఉండదు. గింజల నూనె, పొట్టు తీసిన గింజలు, గింజల ప్రోటీన్ పొడి తిండిగా వాడుకోవచ్చు, 2018లోనే ఎఫ్‌డీఏ (మందులు, ఆహారం చూసే ఫెడరల్ సంస్థ) అభ్యంతరం లేదంది, కానీ నొప్పి తగ్గుతుందని దానికి 60 డాలర్లు పెట్టకండి.

మందుగా చూస్తే సీబీడీలో ఎఫ్‌డీఏ ఆమోదం ఉన్నది ఎపిడియోలెక్స్ ఒక్కటే, అదీ కొన్ని రకాల మూర్ఛలకి, డాక్టరు రాస్తేనే. కాబట్టి డబ్బా మీద షుగరు తగ్గుతుంది, క్యాన్సర్ నయమవుతుంది అని ఉంటే అది అబద్ధం చెప్పే కంపెనీ. పెద్దవాళ్ళు రక్తం పల్చబడే వార్ఫరిన్ లాంటివి వాడుతుంటే నోట్లో వేసుకునే సీబీడీ ఆ మందు పనితీరుని తారుమారు చేయొచ్చు, మందుల లిస్టు పట్టుకెళ్ళి ఫార్మసిస్టుకి చూపించండి, ఫీజేం ఉండదు. నిజంగా తీవ్రమైన నొప్పి ఉన్నవాళ్ళకి టెక్సస్‌లో డాక్టరు ద్వారా వెళ్ళే కంపాషనేట్ యూజ్ ప్రోగ్రామ్ ఉంది, 2025 సెప్టెంబర్ నుంచి దీర్ఘకాలం నొప్పులని కూడా అందులో చేర్చారు. పిల్లలున్న ఇంట్లో గమ్మీలు తాళం వేసిన అలమరలో పెట్టండి, క్యాండీ, చిప్స్ ప్యాకెట్లలా కనిపించేవైతే అసలు కొనకండి. పొరపాటున పిల్లాడు తింటే నిద్ర వస్తుందిలే అని చూస్తూ కూర్చోకుండా వెంటనే పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222కి చెయ్యండి, స్పృహ సరిగా లేకపోతే 911.

అమ్మకి చివరికి ఇంకో షాపులో లాట్ నంబరు, రిపోర్టు అన్నీ కలిసిన ఐసొలేట్ క్రీమే దొరికింది, డాక్టర్ని అడిగాకే రాసింది, రాత్రిళ్ళు కాస్త హాయిగా ఉందంది. వెళ్ళేముందు రోజు "ఇంకో రెండు ట్యూబులు కొనియ్యి, అక్కడ మీ పిన్నిక్కూడా ఇస్తా" అంది. నేను వద్దన్నా. ఆవిడ ఫ్లైటు దుబాయ్ మీదుగా, అక్కడ సీబీడీతో దొరికితే ట్రాన్సిట్ అన్నా చిక్కుల్లో పడొచ్చు, మన దగ్గరేమో ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం, టెక్సస్ రసీదు చూపిస్తే శంషాబాద్‌లో ఎవరూ వినరు. రాస్కుంటున్న ట్యూబు కూడా ఇక్కడే ఉంచేశాం. సూట్‌కేసు తూకం వేసేముందు హ్యాండ్‌బ్యాగు లోపలి జిప్పు కూడా తీసి చూశా, అందులో పార్కులో పెద్దావిడ ఇచ్చిన రెండు గమ్మీలు టిష్యూ పేపర్లో చుట్టి ఉన్నాయి. మీ వాళ్ళ బ్యాగులు మీరే ఒకసారి విప్పి సర్దండి.